కడగని పిస్తోలు

గురువారం పొద్దున పది గంటలకు కెటిల్ తిరిగొచ్చింది. మేనేజర్ అరుణాదేవి స్వయంగా పట్టుకొచ్చి వజీర్ బల్ల మీద పెట్టింది. మూడు నెలలుగా ఆఫీసు వాళ్ళు గ్రీన్ టీ కాచుకుంటున్న కెటిల్ అది. మూతి చుట్టూ పసుపుపచ్చ మరకలు పడ్డాయి.

"మీరు అడిగినట్టే నీళ్ళతోనే కడగండి వజీర్ గారు. ఎన్నిసార్లు మరిగించుకుంటారో మీ ఇష్టం. సాయంత్రంలోపు పదమూడూ అద్దంలా ఉండాలి," అంది.

వజీర్‌కు అరవై ఒకటి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆకాశాన్ని మింగేసిన గల్లీ ఒకటుంది. అందులో నాలుగో అంతస్తులో సెక్యూరిటీ ఏజెన్సీ ఆఫీసు. దాని వెనక గదిలో అతను పిస్తోళ్ళు విప్పి, తుడిచి, బాగుచేస్తాడు. నగల షోరూములకూ ఫైనాన్స్ ఆఫీసులకూ ఈ ఏజెన్సీ గన్‌మెన్‌ను పంపుతుంది. పద్నాలుగు మంది మనుషులు, పద్నాలుగు పిస్తోళ్ళు. ఏదో దేశపు సైన్యం యాభై అరవై ఏళ్ళ కింద వాడి, మూలన పడేసి, తర్వాత అమ్మేసిన సరుకు. లైసెన్సు మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మోసేవాడి పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేలకూడని చోట పేలితే మాత్రం ఠాణాకు పోయేది చిన్న అక్షరాలవాడే.

మొన్న మంగళవారం ధర్మయ్య అట్లాగే పోయాడు.

ధర్మయ్య పంజాగుట్టలో ఒక నగల షోరూముకు గన్‌మన్. సిరిసిల్ల మనిషి. మగ్గం మీద బతకలేక ఫౌజుకు పోయి, పదిహేడేళ్ళు చేసి, దిగివచ్చి పట్నంలో ఈ నౌకరీ పట్టాడు. డ్యూటీ ఎక్కేముందు గన్‌మన్ రోజూ ఒక తంతు చేయాలి. షోరూం సూపర్‌వైజర్ ఎదుట నిలబడి మ్యాగజైను, అంటే తూటాలు పెట్టే అర, తీయాలి. పిస్తోలు పై భాగాన్ని మూడుసార్లు వెనక్కి లాగి వదలాలి. లోపల తూటా లేదని చూపించాలి. నేలకు గురిపెట్టి ఒకసారి ట్రిగ్గర్ నొక్కాలి. టక్‌మంటుంది. "ఖాళీ సార్" అనాలి. ఆ తర్వాత తూటాలున్న మ్యాగజైను పెట్టి, పై భాగాన్ని మళ్ళీ లాగి వదిలితే పిస్తోలు సిద్ధం. గురిపెట్టడానికి ఒకప్పుడు ఇసుక బకెట్టు ఉండేది. పాలరాయి మీద ఇసుక బకెట్టేమిటి, కస్టమర్లు చూస్తే బాగుండదని దాన్ని వెనక మెట్ల కిందికి తోసేశారు.

ఆ పొద్దున ధర్మయ్య ఖాళీ చూపించాడు. మ్యాగజైను పెట్టాడు. పై భాగం లాగి వదిలాడు. అది ముందుకు పోయి మూసుకున్న క్షణంలోనే పిస్తోలు పేలింది. తూటా పాలరాతికి తగిలి, పైకి లేచి, పదడుగుల అవతల నేల తుడుస్తున్న రాజమ్మ కడుపులో దిగింది. రాజమ్మది ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక బస్తీ. ఏడేళ్ళుగా ఆ పాలరాయిని తుడుస్తోంది. అంబులెన్సు కోసం చూడకుండా ధర్మయ్య ఆమెను ఎత్తుకుని ఆటో ఎక్కాడు. ఆసుపత్రి గేటు కనిపించేసరికి ఆమె ప్రాణం పోయింది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. 'గన్‌మన్ నిర్లక్ష్యం' అని రాశారు. రాజమ్మ ఫొటో వేయలేదు. షోరూం పేరు రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"ట్రిగ్గర్ మీద నా వేలే లేదు సార్," అని ధర్మయ్య ఠాణాలో వందసార్లు చెప్పాడు. "ట్రిగ్గర్ ఒత్తిండు, నా కండ్లతోని చూసిన," అని సూపర్‌వైజర్ రాసిచ్చాడు. వాడు అబద్ధం చెప్పలేదు. ఖాళీ చూపించేటప్పుడు ఒత్తింది చూశాడు. అర నిమిషంలో అయిపోయిన తంతులో ఏది ముందు ఏది వెనక అని ఎవడికి గుర్తుంటుంది? రోజూ చూసేదాన్ని ఎవడూ చూడడు.

అంతకు పద్దెనిమిది రోజుల కింద ఏం జరిగిందో వజీర్‌కు మాత్రం వరస తప్పకుండా గుర్తుంది.

ఆ రోజు ఏడాదికోసారి జరిగే ఫైరింగ్ ప్రాక్టీసు. ఊరి బయట రేంజికి పద్నాలుగు మందినీ వ్యానులో తీసుకుపోయి తలా పది తూటాలు కాల్పించారు. తూటాలూ పాతవే. డబ్బా మీద కొట్టిన సంవత్సరం చూస్తే అప్పటికి గన్‌మెన్‌లో సగంమంది పుట్టలేదు. ఇలాంటి పాత తూటాలతో ఒక చిక్కుంది. తూటా అడుగున చిన్న రాగి టోపీ ఉంటుంది. పిస్తోలులోని సూది, అంటే ఫైరింగ్ పిన్ను, పోయి దానికి తగిలితే నిప్పు పుడుతుంది. పాత రకం టోపీలో మందు కాలితే ఉప్పు మిగులుతుంది. కంటికి కనిపించదు. గొట్టం నిండా, పిన్ను దూరే సందు నిండా పొరలాగా కూర్చుంటుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు చెమ్మగిల్లినట్టే అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది. ఆ తడి ఇనుమును తింటుంది. నూనె రాస్తే ఉప్పు కరగదు. నూనె కింద దుప్పటి కప్పుకున్నట్టు పడుకుని తన పని తాను చేసుకుపోతుంది. దాన్ని కరిగించేవి నీళ్ళే. సలసల మరిగినవి. వేడికి ఇనుము దానంతటదే ఆరిపోతుంది. అప్పుడు నూనె.

వజీర్‌కు పని నేర్పిన ఉస్తాద్ దీన్ని చెంపదెబ్బలతో నేర్పాడు. "పహ్లే పానీ, బాద్ మే తేల్." ముందు నీళ్ళు, తర్వాత నూనె. నలభై ఏళ్ళుగా వజీర్ అదే చేశాడు. రేంజి నుంచి వ్యాను రాగానే కెటిల్ పెట్టేవాడు. పిస్తోలు విప్పి, గొట్టానికి గరాటు పెట్టి పోసేవాడు. గన్‌మెన్ నవ్వేవారు. "వజీర్ భాయ్ పెండ్లికొడుక్కు తానం చేయిస్తుండు" అనేవారు. అనుకోనీ అని అతను పోస్తూనే ఉండేవాడు.

ఏప్రిల్‌లో అరుణాదేవి మేనేజరుగా వచ్చింది. విజయవాడ మనిషి, పని వేగంగా జరగాలి, ఆఫీసు శుభ్రంగా కనపడాలి. ఆమె చెడ్డదని కాదు. చెడ్డవాళ్ళతో పోట్లాడొచ్చు. తెలియనితనం కుర్చీలో కూర్చున్నప్పుడే పోట్లాట కష్టం. "ఏంటండీ ఇది, ఇనుముకి నీళ్ళేంటి?" అని వచ్చిన వారంలోనే కెటిల్‌ను ప్యాంట్రీకి పంపింది. జులై ప్రాక్టీసు నాటికి బల్ల మీద ఒక నూనె స్ప్రే డబ్బా పెట్టింది. బయట ముసురు పట్టి ఉంది. వ్యాను వచ్చేసరికి రెండున్నర. నాలుగింటికల్లా అందరూ మళ్ళీ డ్యూటీల్లో ఉండాలి.

"మేడం, గీ తూటాలకు నీళ్ళు గావాలె. నూనెతోని కాదు," అని వజీర్ ఒకసారి అన్నాడు.

"డబ్బా మీద రాసుంది కదండీ, తుప్పు పట్టకుండా కాపాడుతుందని. కంపెనీవాళ్ళకంటే మీకెక్కువ తెలుసా ఏంటి?"

రెండోసారి అనలేదు. అదీ అతని నేరం. ఏజెన్సీలో అరవైకే ఇంటికి పంపుతారు, తనను దయతో ఉంచారు. మోకాళ్ళు అరిగాయి. ఎర్రగడ్డలో ఇల్లు గడవాలి. ఇంకోసారి నోరు తెరిస్తే ముసలాయనకు చాదస్తం ముదిరిందంటారు. పద్నాలుగు పిస్తోళ్ళకూ స్ప్రే కొట్టి, తుడిచి, ఇచ్చేశాడు. వచ్చేవారం ఒక్కొక్కణ్ణి పిలిచి చాటుగా కడుగుతానని మనసుకు చెప్పుకున్నాడు. వచ్చేవారం వచ్చింది, పోయింది.

ఇప్పుడు కెటిల్ వచ్చింది.

సురేశ్ అనే గన్‌మన్ ఒక్కడు శ్రీనగర్ కాలనీలో ఫైనాన్స్ ఆఫీసు డ్యూటీలో ఉన్నాడు, మధ్యాహ్నం తెస్తానన్నాడు. మిగతా పన్నెండు పిస్తోళ్ళూ బుధవారం రాత్రికే ఏజెన్సీకి చేరాయి. వజీర్ చేతులు అతని మాట కోసం ఆగలేదు. స్విచ్చి వేశాయి, మొదటి పిస్తోలు విప్పాయి, గరాటు పెట్టాయి. మరిగిన నీళ్ళు గొట్టంలోంచి బకెట్లోకి దిగాయి. దిగినవి చాయ్ రంగులో ఉన్నాయి. అతను నాలుక కరుచుకున్నాడు. పిన్ను సందు చూస్తే లోపల ఎర్రటి పొలుసు కట్టింది. పిన్ను కదలడం లేదు. కిరోసిన్ చుక్కలు వేసి, ఇత్తడి పుల్లతో తట్టి తట్టి ఊడదీశాడు. రుద్దాడు. మళ్ళీ నీళ్ళు. బట్టముక్క తెల్లగా వచ్చేదాకా గొట్టంలోంచి లాగాడు.

రెండోది. మూడోది. పన్నెండింటిలో ఏడింటికి పిన్ను ఇరుక్కునే ఉంది. ఒక్కోటీ బాగవుతుంటే వజీర్‌కు ఒంట్లోకి బలం వచ్చినట్టైంది. చూడు మేడం, నేను చెప్పలే? అని లోపల్లోపల అనుకున్నాడు. తన మాటే గెలిచిందనుకున్నాడు. పాట కూడా కూనిరాగం తీశాడు. ఒక ఆడమనిషి చచ్చి రెండు రోజులు కాలేదు, తోటివాడు లాకప్పులో ఉన్నాడు, ఈ మనిషి తన పనితనం చూసుకుని మురిసిపోయాడు. పనివాళ్ళను ముంచేది చాలాసార్లు ఈ మురిపెమే. పని బాగా చేయనిస్తే చాలు, ఎవడి కోసం చేస్తున్నామో అడగం.

పన్నెండు దాటాక తలుపు దగ్గర కాంతవ్వ నిలబడింది. ధర్మయ్య భార్య. అమీర్‌పేటలోనే ఒక హాస్టల్ కింద మెట్ల సందులో మిషన్ వేసుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. వజీర్ పిస్తోళ్ళు తుడిచే బట్టముక్కలన్నీ ఆమె కత్తెర కింద పడినవే.

"రా చెల్లె, కూసో."

"కూసుంటందుకు రాలే వజీరన్నా. వకీలు దగ్గర్నుంచి వస్తున్న. ట్రిగ్గర్ ఒత్తకుంట పిస్తోలు పేలుతదా అని అడిగిండు. తెలిసినోళ్ళు ఎవరన్న వచ్చి చెప్తే కేసుల పనికొస్తదట. నాకు తెలిసినోళ్ళల్ల తెలిసినోనివి నువ్వొక్కనివే."

వజీర్ చేతిలో ఉన్న బట్టముక్కను మడిచాడు, విప్పాడు.

"పేలుతది."

"ఎట్ల?"

బల్ల మీది పిస్తోలు ఎత్తి చూపించాడు. "గీ సందుల పిన్నుంటది. ట్రిగ్గర్ ఒత్తితే బయటికొచ్చి తూటాను గుద్దుతది, మళ్ళ లోపటికి పోతది. తుప్పు పట్టిందనుకో, పోదు. బియ్యపు గింజంత బయట్నే ఉంటది. మీదికెల్లి తూటా వచ్చి కూసుంటే..." అతను అరచేతిలో వేలితో పొడిచి చూపించాడు. "పొద్దున ఖాళీ అని చూపిస్తందుకు ఒత్తిండు గదా. అప్పుడు ఇరికి ఉంటది. తర్వాత మ్యాగజైను పెట్టి లాగంగనే..."

"అంటే ఆయన ఒత్తలే."

"రెండోసారి ఒత్తలే."

కాంతవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. ఊపిరి పీల్చుకుంది.

"మరి తుప్పెందుకు పట్టిందన్నా? దినాం తుడుస్తుండె. నా మిషన్ నూనె రెండు చుక్కలు పొయ్యమని పొద్దుగాల్నే గిన్నె పట్టుకొస్తుండె. నేనే తిట్టిన, సంసారం కంటె నీకు గా పిస్తోలే ఎక్కువనా అని. నీళ్ళు పొయ్యాలె గదా అని సుత అడిగిన. ఆయన ఎప్పుడు చెప్తుండె గదా, వజీర్ భాయ్ నీళ్ళు పోస్తడని. గీసారి అక్కర్లేదట, ఇది కొత్త నూనె, భాయే చెప్పిండు అన్నడు."

గదిలో కెటిల్ చిటపటమంటోంది. వజీర్ దాన్ని ఆపాడు.

ఆ మాట నిజం. జులైలో పిస్తోలు తీసుకుంటూ ధర్మయ్య ఒక్కడే అడిగాడు. భాయ్, నీళ్ళు పొయ్యలేదేంది? వజీర్‌కు సిగ్గేసింది. ఒక ఆడమనిషి మాటకు నోరు మూసుకున్నానని ఎట్లా చెప్పుకుంటాడు? కొత్త నూనె, దీనికి నీళ్ళు అక్కర్లేదు అన్నాడు. ధర్మయ్య నమ్మాడు. పదిహేడేళ్ళు ఫౌజులో చేసినవాడు కూడా వజీర్ చెప్పాడని నమ్మాడు.

"చెల్లె..." అని అతను మొదలుపెట్టేలోపు అరుణాదేవి ఫోను పట్టుకుని లోపలికొచ్చింది. బల్ల మీద వరసగా పేర్చిన పన్నెండు పిస్తోళ్ళను చూసి ముఖం విప్పారింది.

"అబ్బ! కొత్తవాటిలా ఉన్నాయండీ. మీ చేతిలో ఏదో ఉంది." వరసగా ఫొటోలు తీసింది. కాంతవ్వను చూసి, "మీ వాళ్ళా?" అంది.

"మా చెల్లె," అన్నాడు వజీర్.

"ఆ పదమూడోది కూడా వచ్చాక ఒక్కసారి చెప్పండి, అన్నీ కలిపి ఫొటోలు తీయించి స్టేషన్‌కి పంపుతాం. ఒకే బ్యాచ్, ఒకే ప్రాక్టీసు, ఒకే నూనె. పదమూడు ఇలా మెరుస్తుంటే అదొక్కటే ఎందుకలా తయారైందో వాళ్ళకే అర్థమవుతుంది. చూసుకోవాల్సినవాడు చూసుకోలేదు, అంతే కదా? పాపం, మనం మాత్రం ఏం చేస్తాం?"

ఆమె వెళ్ళిపోయింది. చెప్పులు టైల్స్ మీద టకటకమంటూ దూరమయ్యాయి.

కెటిల్ ఎందుకు తిరిగొచ్చిందో వజీర్‌కు అప్పుడు తెలిసింది. పొద్దుట్నుంచి అతను పిస్తోళ్ళు కడగలేదు. ధర్మయ్యకు గొయ్యి తవ్వాడు. ఏడు పిస్తోళ్ళలో ఇరుక్కున్న ఏడు పిన్నులు ఏడు సాక్ష్యాలు. ఒక్కోదాన్ని కిరోసిన్ వేసి, తట్టి, రుద్ది, పాట పాడుకుంటూ తుడిచిపెట్టాడు.

కాంతవ్వకు కూడా అర్థమైంది. ఆమె బకెట్లోకి చూసింది. నీళ్ళ అడుగున ఎర్రటి మడ్డి.

"గీ అన్నిటికి అట్లనే ఉండెనా?"

"ఏడింటికి."

"కడిగేసినవా?"

"కడిగేసిన."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తలుపు చట్టానికి ఆనుకుని, "ఆయన నీ ముచ్చట్నే చెప్తడు," అంది. "నిన్న లాకప్పుల సుత అన్నడు. వజీర్ భాయ్‌ని అడుగు, భాయ్‌కి తెలుస్తది అని."

అప్పుడే సురేశ్ వచ్చాడు. ఇరవై ఏడేళ్ళవాడు, రెయిన్‌కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నడుముకు పిస్తోలు. "వజీర్ భాయ్, తానాలు శురువైనట్టున్నయి! నా పెండ్లికొడుక్కు నీళ్ళు కాగినయా?" అని, కాంతవ్వను చూసి నాలుక కరుచుకున్నాడు. "వదినా, మాఫ్ చెయ్యి. చూడలే."

వజీర్ లేచి తలుపు గొళ్ళెం పెట్టాడు.

"తియ్యి. నాకివ్వకు. నీ చేతిలనే ఉంచుకో. మ్యాగజైను తీసి నా బల్ల మీద పెట్టు."

"ఏందన్నా?"

"పెట్టరా జర."

సురేశ్ పెట్టాడు. మంగళవారం నుంచి ఎవరూ లోడు చేయొద్దని ఆర్డరు వచ్చింది కాబట్టి గొట్టంలో తూటా లేదు. రోజూ చేసే తంతు చేయమన్నాడు వజీర్. సురేశ్ మూడుసార్లు లాగి వదిలాడు. గోడ మూలకు గురిపెట్టి ట్రిగ్గర్ ఒత్తాడు. టక్. ఇప్పుడు పై భాగం వెనక్కి లాగి పట్టుకోమన్నాడు వజీర్.

"తూటా అడుగు ఆనే జాగ ఉన్నది చూడు. సందు మీద వేలు పెట్టు. నున్నగుండాలె."

సురేశ్ చూపుడువేలు లోపల పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"గుచ్చుకుంటున్నది భాయ్."

"ఇప్పుడు గా మ్యాగజైను పెట్టి వదిలితే?"

సురేశ్ పెదవుల మీది నవ్వు దిగిపోయింది. ఈ ఇనుపముక్కను నడుముకు కట్టుకుని ఇంటికి పోయాడు, రెండేళ్ళ కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"సోమవారం లోడ్ చేసిన గదా. అప్పుడెందుకు పేలలే?"

"అప్పటికింకా ఇరకలే. తుప్పు ఇయ్యాల ఇంత, రేపు ఇంత. ధర్మయ్యది ఒకనాడు ముందుగాల ఇరికింది. నీది వెనక ఇరికింది. నీ నసీబు, గంతే."

"అయితే జల్ది కడుగన్నా! చూస్తవేంది?"

"కడగ. గిది ఠాణాకు పోవాలె. గిట్లనే, గీ పిన్ను గిట్ల బయటికి ఉండంగనే. పన్నెండు కడిగి పాడుచేసిన. మిగిలింది గిదొక్కటే."

సురేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "మేడమ్‌కు తెలిస్తే రేపట్నుంచి రావొద్దంటది. నా పెండ్లాం మళ్ళ కడుపుతోని ఉన్నది భాయ్. నూనె పూసింది నువ్వు. ఇప్పుడు నన్ను ముందట నిలబెడ్తవా? నీకేం, ఇయ్యాల కాకుంటే రేపు ఇంటికి పోయేటోనివి."

"నూనె పూసింది నేనే. గా మాట ముందుగాల నేనే చెప్త. పిస్తోలు నేను తీస్కపోరాదు, కాగితం మీద నీ పేరుంది. నువ్వు తెచ్చి బల్ల మీద పెట్టు, చాలు."

"నాతోని కాదన్నా."

కాంతవ్వ ఇప్పుడు మెల్లగా అడిగింది. "తమ్మీ, మీ ఆఫీసుల నేల ఎవరు తుడుస్తరు?"

"సుకన్యక్క."

"నువ్వు పిస్తోలు లాగి వదిలేటప్పుడు ఏడ ఉంటది?"

"ఏడ ఉంటది... ఆన్నే. కుర్చీల కింద తుడుస్తుంటది."

"నిన్న తుడిచిందా?"

"ఆఁ."

"సోమారం?"

సురేశ్ పిస్తోలును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, అది వేడెక్కి చేతులు కాలుస్తున్నట్టు. బల్ల మీది మ్యాగజైను తీసి జేబులో వేసుకున్నాడు. ఖాళీ పిస్తోలును రెయిన్‌కోటు కింద పెట్టుకున్నాడు.

"నడువుండ్రి," అన్నాడు.

లిఫ్టు దగ్గర అరుణాదేవి ఎదురైంది. "సురేశ్, పిస్తోలు ఇచ్చేశావా?"

"లేదు మేడం. ఠాణాల ఇస్తం."

ఆమె ముగ్గురినీ చూసింది. ఆడమనిషి ఎవరో అప్పుడు తట్టింది. గొంతు తగ్గించింది. "వజీర్ గారు, ఒక్క నిమిషం ఆలోచించండి. నూనె రాసింది మీరు. నేను చెప్పినట్టు ఎక్కడా కాగితం లేదు. ఈ వయసులో మీకు అవసరమా? మీరు మంచివాళ్ళు కాబట్టి చెప్తున్నాను."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కాగితం లేదు. ఇలాంటి పనులకు కాగితం ఎప్పుడూ ఉండదు. వజీర్ లిఫ్టు బటన్ నొక్కాడు. "చేతులు నాయే మేడం. చెప్పేది అదే."

మెట్రో వంతెన కింద నుంచి పంజాగుట్ట దాకా నడిచారు. పైనుంచి రైలు పోతుంటే నీటిచుక్కలు ధారగా పడ్డాయి. కోచింగ్ పిల్లలు గొడుగుల కింద కబుర్లాడుకుంటూ ఎదురొచ్చారు. షోరూం ముందు నుంచి పోవాల్సి వచ్చింది. తెరిచే ఉంది. లోపల లైట్లు వెలుగుతున్నాయి. వేరే ఎవరో ఆడమనిషి వంగి నేల తుడుస్తోంది. గన్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. కాంతవ్వ అటు చూడలేదు.

ఠాణాలో ఎస్సై పిస్తోలు పుచ్చుకుని, కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. పిన్ను మొన కనిపించింది. ఫొటో తీయించాడు, సాక్షులను పిలిపించాడు, గుడ్డలో కట్టి లక్క వేయించాడు. లక్క ఆరేదాకా సురేశ్ ఊపిరి బిగబట్టుకుని చూశాడు. ఆ తర్వాత వజీర్‌ను ఎదురుగా కూర్చోబెట్టారు. రైటర్ కాగితాలు సర్దుకున్నాడు.

"నూనె పూసింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఎవరు చెప్తే?"

"మేనేజర్ మేడం. పూసింది నేను."

"మిగిలినవి?"

"పన్నెండు. ఏడింటికి గిట్లనే ఇరికింది. ఇయ్యాల పొద్దున కడిగేసిన. కడగమన్నది గా మేడమే. కడిగిన చేతులు నాయి."

ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టాడు. చెడ్డ మనిషి కాదు. ఎదుట కూర్చున్న ముసలాయన మోకాళ్ళు రుద్దుకోవడం చూశాడు. "పెద్దాయనా, జాగ్రత్తగా విను. గీ తూటాలు కాల్చినంక నూనె ఒక్కటే పూస్తే సరిపోదని నీకు తెలుసా, తెలియదా?"

వజీర్‌కు ఆ ప్రశ్న తలుపులాగా కనిపించింది. తెలియదంటే తలుపు తెరుచుకుంటుంది. చదువురాని ముసలోడు, పెద్దవాళ్ళు చెప్పినట్టు చేశాడు అంటారు. సాయంత్రానికి ఎర్రగడ్డలో ఇంట్లో ఉండొచ్చు. ఎవరికీ తెలియదు, ఎవరి తప్పూ కాదు, పాత ఇనుము, వానాకాలం అని కేసు కాగితాల్లో కలిసిపోతుంది. అప్పుడు ధర్మయ్య చెప్పేది ఒంటరి మాటగానే మిగులుతుంది.

"నలభై ఏండ్ల సంది తెలుసు సార్. ధర్మయ్య సుత అడిగిండు, నీళ్ళు పొయ్యలేదేందని. అక్కర్లేదన్న. అబద్ధం చెప్పిన."

వెనక బెంచీ మీద కాంతవ్వ కదిలిన చప్పుడు వినిపించింది. అతను తిరిగి చూడలేదు.

రైటర్ చాలాసేపు రాశాడు. రాసింది ఠాణా తెలుగులో గడగడా చదివాడు. '...సదరు పిస్తోళ్ళను వేడినీటితో శుభ్రపరచకుండా, పొరపాటున నూనె మాత్రమే పూసి అప్పగించితిని...'

"ఆగు," అన్నాడు వజీర్.

రైటర్ తలెత్తాడు.

"పొరపాటున అని నేను చెప్పలే."

"మామూలుగా అట్లనే రాస్తం పెద్దాయనా. నీకే మంచిది."

"కొట్టెయ్యి."

రైటర్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై తలూపాడు. రైటర్ ఆ మాట మీద అడ్డంగా గీత గీసి, పక్కన 'తెలిసి' అని రాసి, అక్కడ సంతకం పెట్టమని వేలు చూపించాడు. వజీర్ ఉర్దూలో సంతకం పెట్టాడు.

"ఫోనిచ్చి, గీ పక్కన కూసో," అన్నాడు కానిస్టేబుల్. "ఇయ్యాల ఇంటికి పోయేది లేదు."

కాంతవ్వ లేచింది. వజీర్ ముందు నుంచే నడిచి లాకప్పు వైపు పోయింది. ఆమె ధర్మయ్యతో ఏదో చెప్పడం వినిపించింది గాని, 'నీళ్ళు' అన్న ఒక్క మాటే తెలిసింది. వజీర్ భాయ్‌ని అడుగు అని ధర్మయ్య ఈసారి అనలేదు. చాలాసేపటికి ఒక్కసారి దగ్గాడు.